పిల్లల బొమ్మల కథల పుస్తకం: రచన, సొంత ప్రచురణ

బొమ్మల కథల పుస్తకం అంటే మాట, బొమ్మ సమానంగా బాధ్యత పంచుకుని పరిమితమైన పేజీల్లో ఒక కథను గానీ, ఒక విషయాన్ని గానీ చెప్పే పుస్తకం. ప్రధానంగా మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల కోసం తయారవుతుంది. ఈ పాఠకుల్లో చాలామందికి చదవడం ఇంకా రాదు. పెద్దవాళ్లు పైకి చదువుతుంటే పిల్లలు బొమ్మలు చూస్తూ వింటారు. కాబట్టి చెవికీ కంటికీ ఒకేసారి పని పెట్టడం ఈ ప్రక్రియకు మూల లక్షణం.

రచయిత గానీ చిత్రకారుడు గానీ ప్రచురణ సంస్థ మీద ఆధారపడకుండా తన ఖర్చుతో, తన బాధ్యత మీద ఇలాంటి పుస్తకాన్ని అచ్చువేసి పాఠకులకు చేర్చడం సొంత ప్రచురణ. సంపాదకత్వం, చిత్రకారుల ఎంపిక, పుటల కూర్పు, ముద్రణ, నమోదులు, నిల్వ, అమ్మకం లాంటి ప్రచురణకర్త పనులన్నీ అప్పుడు ఆ వ్యక్తి మీదే పడతాయి.

పరిధి, సన్నిహిత ప్రక్రియలు

బొమ్మలున్న ప్రతి పిల్లల పుస్తకాన్నీ ఈ కోవలో చేర్చరు. కథంతా మాటల్లోనే పూర్తయి, నడుమ అలంకారంగా బొమ్మలు వస్తే అది సచిత్ర కథల పుస్తకం. ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు బొమ్మలు వేసిన ‘బుడుగు’ అలాంటిదే. బాపు గీత లేని బుడుగును ఊహించుకోవడం కష్టమే అయినా, కథ నడిచేది మాత్రం మాటల మీద. గళ్లుగా విడగొట్టిన బొమ్మల్లో మాటల బుడగలతో సాగేది కామిక్స్. బొమ్మల కథల పుస్తకంలో బొమ్మను తీసేస్తే కథలో ఒక భాగం పోతుంది.

చరిత్ర

*ఐరోపా, అమెరికా.* చెక్ విద్యావేత్త కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్‌లో ప్రచురించిన ‘ఆర్బిస్ సెన్సూలియం పిక్టస్’ను పిల్లల కోసం తయారైన తొలి బొమ్మల పాఠ్యపుస్తకాల్లో ముఖ్యమైనదిగా పరిగణిస్తారు. లాటిన్, జర్మన్ భాషల్లో వచ్చిన ఆ పుస్తకంలో 150 చిత్రాల ద్వారా లోకంలోని వస్తువులకు పేర్లు నేర్పారు. 1789లో విలియం బ్లేక్ తన ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్’ను తానే రాసి, రాగిరేకు మీద తానే చెక్కి, తానే అచ్చువేసి, చేత్తో రంగులద్దారు. కవి, చిత్రకారుడు, ముద్రాపకుడు ఒక్కరే అయిన తొలినాటి ఉదాహరణల్లో ఇది ఒకటి. ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్ 1844 క్రిస్మస్‌కు తన మూడేళ్ల కొడుకు కోసం ఒక నోటుబుక్కులో కథలు రాసి, బొమ్మలు గీసి ఇచ్చారు. మిత్రుల ప్రోద్బలంతో మరుసటి ఏడాది అచ్చయిన ఆ పుస్తకం తర్వాత ‘ష్ట్రువెల్‌పేటర్’ పేరుతో జర్మనీ అంతటా ప్రసిద్ధమైంది.

ఆధునిక రూపానికి పునాది వేసిన వ్యక్తిగా ఇంగ్లండుకు చెందిన రాండల్ఫ్ కాల్డికాట్‌ను చెబుతారు. ముద్రాపకుడు ఎడ్మండ్ ఎవాన్స్‌తో కలిసి 1878 నుంచి ఏటా రెండేసి పుస్తకాలు తెచ్చిన ఆయన, మాట చెప్పకుండా వదిలిన చోట బొమ్మతో కథ నడిపించారు. ఆయన పేరిట అమెరికా గ్రంథాలయ సంఘం 1938 నుంచి ఏటా ఒక బొమ్మల పుస్తకానికి పతకం ఇస్తోంది. వాండా గాగ్ 1928లో తెచ్చిన ‘మిలియన్స్ ఆఫ్ క్యాట్స్’ ఎదురెదురు పేజీలను కలిపి ఒకే దృశ్యంగా వాడుకుంది. మారిస్ సెండాక్ ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ (1963)లో మాటలు 338 మాత్రమే. పిల్లవాడు ఊహాలోకంలోకి వెళుతున్న కొద్దీ బొమ్మ పేజీలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నడుమ మూడు జంట పేజీల్లో ఒక్క మాట కూడా ఉండదు.

*పీటర్ ర్యాబిట్ ఉదంతం.* సొంత ప్రచురణ చరిత్రలో ఎక్కువగా చెప్పుకునేది బియాట్రిక్స్ పాటర్ కథ. తన పూర్వపు ఉపాధ్యాయురాలి కొడుకు, అయిదేళ్ల నోయెల్ జబ్బుపడితే ఆమె 1893 సెప్టెంబరు 4న అతనికి బొమ్మలతో ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరమే తర్వాత ‘ద టేల్ ఆఫ్ పీటర్ ర్యాబిట్’ అయింది. పలువురు ప్రచురణకర్తలు దాన్ని తిరస్కరించారు. పిల్లల చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం, తక్కువ ధర అన్న షరతులను పాటర్ వదులుకోలేదు. చివరకు 1901 డిసెంబరులో తన సొమ్ముతో 250 ప్రతులు అచ్చువేయించారు. ముఖచిత్రం తర్వాత వచ్చే ఒక్క బొమ్మ తప్ప మిగతావన్నీ నలుపు తెలుపే. ఆ ప్రతులు త్వరగా చెల్లిపోవడంతో కొద్ది నెలల్లోనే మరికొన్ని వేయించాల్సి వచ్చింది. అంతకుముందు కాదన్న సంస్థల్లో ఒకటైన ఫ్రెడరిక్ వార్న్ ఈలోగా మనసు మార్చుకుని, రంగుల బొమ్మలు గీసి ఇస్తే వేస్తామంది. ఆ కూర్పు 1902 అక్టోబరులో వెలువడింది. అయినా పాటర్ అదే ఏడాది డిసెంబరులో ‘ద టైలర్ ఆఫ్ గ్లాస్టర్’ను మళ్లీ సొంతంగానే, 500 ప్రతులు వేయించారు. ప్రచురణ సంస్థ కథను కుదిస్తుందన్న సందేహమే దానికి కారణం.

*భారతదేశం.* బెంగాలీలో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి పిల్లల రామాయణానికి వేసిన బొమ్మలు అచ్చులో పాడైపోవడం చూసి, విదేశాల నుంచి పరికరాలు తెప్పించుకుని 1895లో సొంత బ్లాకుల తయారీ సంస్థ నెలకొల్పారు. అది క్రమంగా ప్రచురణ సంస్థగా ఎదిగింది. పిల్లల పత్రిక ‘సందేశ్’ 1913లో అక్కడి నుంచే మొదలైంది. 1957లో కార్టూనిస్టు శంకర్ స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, అదే ఏడాది ప్రభుత్వం ఏర్పాటుచేసిన నేషనల్ బుక్ ట్రస్టు తక్కువ ధరలో రంగుల పుస్తకాలు తెచ్చాయి. నేషనల్ బుక్ ట్రస్టు వారి ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. 1990ల్లో చెన్నైలో తార, తూలిక సంస్థలు మొదలయ్యాయి. గోండు చిత్రకారుల బొమ్మలతో, చేతి కాగితం మీద సిల్క్ స్క్రీన్ పద్ధతిలో తార తెచ్చిన ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ (2006) అంతర్జాతీయ పురస్కారం పొందింది. తూలిక ఒకే పుస్తకాన్ని తెలుగుతో సహా పలు భాషల్లో వేస్తుంది. 2004లో బెంగళూరులో పుట్టిన ప్రథమ్ బుక్స్ 2015లో ‘స్టోరీవీవర్’ వేదికను ప్రారంభించింది. అందులోని కథలను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, అనువదించవచ్చు, అచ్చువేసుకోవచ్చు.

*తెలుగు.* తెలుగు పిల్లల బొమ్మల కథలకు తొలి పెద్ద వేదికలు పత్రికలు. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసు నుంచి ‘చందమామ’ తెచ్చారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు కొన్ని తరాల తెలుగు పిల్లల కంటికి రుచి నేర్పాయి. విడి పుస్తకాల విషయానికొస్తే సోవియట్ అనువాదాల పాత్ర పెద్దది. మాస్కోలోని ప్రగతి, ఆ తర్వాత రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో వేసిన రంగురంగుల పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల శాఖల ద్వారా చిన్న పట్టణాల దాకా చేరాయి. సోవియట్ యూనియన్ పతనంతో ఆ సరఫరా ఆగింది.

సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ ఆ పాత పుస్తకాల్లో కొన్నిటిని మళ్లీ తెచ్చింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా)తో కలిసి కొత్త తెలుగు బొమ్మల కథల పుస్తకాలనూ ప్రచురించింది. హైదరాబాదులోని అన్వేషి పరిశోధనా కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో ఇంగ్లిష్, తెలుగు, మలయాళ భాషల్లో ఎనిమిది పుస్తకాల వరుసను రూపొందించింది. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల జీవితం వీటికి ఇతివృత్తం. అంతకుముందు తెలుగు పిల్లల బొమ్మల్లో ఆ ఇళ్లు అరుదుగా కనిపించేవి.

రకాలు

కథా పుస్తకాలు ఎక్కువ. అక్షరాలు, అంకెలు, రంగులు, వ్యతిరేక పదాలు లాంటి వాటిని పరిచయం చేసేవి భావన పుస్తకాలు. మాటలే లేనివి మూగ పుస్తకాలు. డేవిడ్ వీస్నర్ ‘ట్యూజ్‌డే’ (1991)లో దాదాపు కథంతా బొమ్మల్లోనే నడుస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు మందపాటి అట్ట పుటలతో, గుండ్రటి మూలలతో బోర్డు పుస్తకాలు తయారవుతాయి. రంధ్రాలు, మడతలు, లేచి నిలబడే బొమ్మలు ఉండేవి మరో రకం. ఎరిక్ కార్ల్ ‘ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’ (1969)లో గొంగళిపురుగు తిన్న పళ్లకు నిజంగానే రంధ్రాలుంటాయి. ఆ పని అమెరికాలో ఖరీదు కావడంతో తొలి కూర్పును జపాన్‌లో అచ్చువేయించారు. జంతువులు, వృత్తులు, సైన్సు గురించి చెప్పే సమాచార పుస్తకాలు, ఒకే పేజీలో రెండు భాషలుండే ద్విభాషా పుస్తకాలు కూడా ముఖ్యమైన శాఖలు. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల ఇళ్లలో, తెలుగు నేర్పే ‘మనబడి’ తరగతుల చుట్టూ తెలుగు–ఇంగ్లిష్ ద్విభాషా పుస్తకాలకు ఆదరణ ఉంది.

నిర్మాణం

*పేజీల లెక్క.* అంతర్జాతీయంగా 32 పేజీలు ప్రామాణిక కొలత. 24, 40 పేజీల పుస్తకాలూ ఉన్నాయి. భారతీయ ప్రచురణల్లో ధర అందుబాటులో ఉంచడానికి 16, 20 పేజీలవీ ఎక్కువే. ఈ లెక్క ముద్రణ నుంచి వచ్చింది: పెద్ద కాగితాన్ని రెండు వైపులా అచ్చువేసి మడిచి కత్తిరిస్తే 8 లేదా 16 పేజీల ఫారం వస్తుంది (చూ. ముద్రణ). శీర్షిక పేజీ, ప్రచురణ వివరాల పేజీ, అంకితం పోగా 32 పేజీల్లో కథకు పన్నెండు నుంచి పధ్నాలుగు జంట పేజీలు మిగులుతాయి. రచయిత చేతిలో ఉన్న స్థలం అదే.

*పేజీ తిప్పడం.* కుడి పేజీ చివర ఒక ప్రశ్న, ఒక చప్పుడు, సగంలో ఆగిన పని ఉంటే పిల్లల చెయ్యి తనంతట తానే పేజీ వైపు వెళుతుంది. తిప్పాక వచ్చే ఎడమ పేజీ దానికి జవాబు. అందుకే అనుభవమున్న రచయితలు కథను పేరాలుగా కాక జంట పేజీలుగా విడగొట్టి ఆలోచిస్తారు.

*మాట, బొమ్మల సంబంధం.* ఈ సంబంధం మూడు విధాలు. రెండూ ఒకే విషయం చెప్పడం మొదటిది. ఒకటి వదిలేసింది రెండోది పూరించడం మరొకటి. రెండూ వేర్వేరు కథలు చెప్పడం మూడోది. ఈ మూడో రకానికి ప్యాట్ హచిన్స్ ‘రోజీస్ వాక్’ (1968) ప్రసిద్ధ ఉదాహరణ. మొత్తం 32 ఇంగ్లిష్ మాటలే ఉన్న ఆ పుస్తకంలో ఒక కోడిపెట్ట తోటంతా తిరిగి ఇంటికి వస్తుందని మాత్రమే మాటలు చెబుతాయి. పెట్ట వెనకాలే నక్క ఒకటి ప్రతి పేజీలో దెబ్బతింటూ వస్తుంటుంది. మాటల్లో నక్క ఊసే లేదు. ఆ సంగతి బొమ్మ చూస్తున్న పిల్లలకు తెలుసు, కథ చెబుతున్న గొంతుకు తెలియదు.

రచన

*కుదింపు.* బొమ్మ చూపించే దాన్ని మాట మళ్లీ చెప్పకపోవడం ఈ రచనలో ప్రధాన నైపుణ్యం. నమూనాగా ఒక చిన్న సన్నివేశం: “సాయంత్రం అయింది. ఎర్ర పరికిణీ కట్టుకున్న గౌరి గంప కింద ఉన్న కోడిపిల్లను చూద్దామని పెరట్లోకి పరుగెత్తింది. గంప ఎత్తి చూస్తే కోడిపిల్ల లేదు. గౌరి చాలా కంగారు పడింది.” మామూలు కథలో ఈ 22 మాటలకు ఇబ్బంది లేదు. బొమ్మల పుస్తకంలో సాయంత్రపు వెలుగు, పరికిణీ, పెరడు, కంగారు చిత్రకారుడి వంతు. కుడి పేజీలో “గౌరి గంప ఎత్తింది.” పేజీ తిప్పాక “కోడిపిల్ల లేదు!” అయిదు మాటలతో పని అయిపోయింది. తులసికోట వెనక నుంచి కోడిపిల్ల తోక ఒక్కటి కనిపించేలా గీస్తే, గౌరి కంటే ముందు దాన్ని పట్టుకునే అవకాశం వింటున్న పిల్లలకు దక్కుతుంది.

*నిడివి, స్థాయి.* ప్రథమ్ బుక్స్ పుస్తకాలను నాలుగు స్థాయులుగా విడగొడుతుంది. మొదటి స్థాయిలో 250 మాటల దాకా, రెండో స్థాయిలో 600 దాకా, మూడో స్థాయిలో 1,500 దాకా, ఆపైన నాలుగో స్థాయి. తెలుగులో మాటల సంఖ్య ఒక్కటే చాలదు. విభక్తులు, క్రియారూపాలు మాటలోనే కలిసిపోవడం వల్ల తక్కువ మాటల్లోనే పొడుగైన అక్షరాల వరుసలు వస్తాయి. కొత్తగా చదివేవారికి రాసేటప్పుడు సంయుక్తాక్షరాలు, ఒకే మాటలో రెండు మూడు ఒత్తులు తగ్గించడం, సంధి కలిపి రాసినవాటిని విడదీయడం అవసరమవుతుంది. పెద్దలు చదివి వినిపించే పుస్తకంలో ఈ పట్టింపు సడలుతుంది.

*శ్రావ్యత.* ఒకే వాక్యం తిరిగి తిరిగి రావడం, ‘గబగబా’, ‘టపటపా’, ‘బుడుంగున’ లాంటి ధ్వని మాటలు, జంటపదాలు పిల్లలను కథలో పాలుపంచుకోనిస్తాయి. కోస్తా, తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాల్లో దేన్ని ఎంచుకున్నా పుస్తకమంతా ఒకే తీరు పాటించడం సంపాదకుల సాధారణ నియమం.

*నమూనా పుస్తకం.* తెల్లకాగితాలు మడిచి కుట్టి, మాటలు అంటించి, బొమ్మలను గీతలుగా గీసి చేసే కచ్చా ప్రతిని డమ్మీ అంటారు. ఏ పేజీ బరువెక్కింది, ఎక్కడ కథ ఆగిపోయింది అన్నది డమ్మీ తిప్పితేనే బయటపడుతుంది. సొంతంగా ప్రచురించేవారికి సంస్థ సంపాదకుడు ఉండడు కాబట్టి, డమ్మీని వయసుకు తగ్గ పిల్లలకు చదివి వినిపించి వారి చూపు ఎక్కడ తప్పుతోందో గమనించడం, పిల్లల పుస్తకాలు తెలిసిన సంపాదకుడికి రుసుము ఇచ్చి చూపించడం ఆ లోటును కొంత తీరుస్తాయి.

బొమ్మలు, చిత్రకారులతో ఒప్పందం

పెద్ద ప్రచురణ సంస్థల్లో రచయిత, చిత్రకారుడు నేరుగా కలవకపోవడం మామూలే. మధ్యలో సంపాదకుడు, ఆర్ట్ డైరెక్టర్ ఉంటారు. సొంత ప్రచురణలో రచయితే చిత్రకారుణ్ణి వెతుక్కోవాలి. పని సాధారణంగా పాత్రల స్వరూపం, చిన్న చిన్న గళ్లలో మొత్తం కథ, పెన్సిల్ గీతలు, రంగుల బొమ్మలు అన్న వరుసలో సాగుతుంది. మార్పులు పెన్సిల్ దశలోనే చెప్పడం రివాజు. రంగులు వేశాక పాత్ర చొక్కా మార్చాలంటే పుస్తకమంతా మార్చాలి.

పారితోషికం మొత్తంగా ఒకేసారి గానీ, అమ్మకాల మీద రాయల్టీగా గానీ, రెండూ కలిపి గానీ ఉంటుంది. భారత కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలవ్యవధి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా చట్టం భావిస్తుంది. అనువాదాలు, ఈ-బుక్, యానిమేషన్, బొమ్మలున్న వస్తువుల అమ్మకం లాంటివి ఒప్పందంలో విడివిడిగా పేర్కొంటారు. హక్కులు బదిలీ చేసినా సృష్టికర్తగా పేరు వేయించుకునే హక్కు 57వ సెక్షన్ కింద చిత్రకారుడికి ఉంటుంది.

కంప్యూటరు కృత్రిమ మేధతో పుట్టించిన బొమ్మల వాడకం ఇటీవలి వివాదం. ‘జర్యా ఆఫ్ ద డాన్’ అనే చిత్రకథ విషయంలో అమెరికా కాపీరైటు కార్యాలయం 2023లో ఒక నిర్ణయం ప్రకటించింది. రచయిత రాసిన మాటలకు, పుస్తకం కూర్పుకు రక్షణ ఉంటుందనీ, యంత్రం పుట్టించిన విడి బొమ్మలకు ఉండదనీ దాని సారాంశం.

అక్షరాలు, పుటల కూర్పు

తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, ఏత్వం, కింద ఒత్తులు ఉంటాయి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఇవ్వకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. మాటకు చోటు ముందే విడిచిపెట్టి చిత్రకారుడు బొమ్మ గీయాలి. ముదురు రంగు మీద సన్నటి తెల్ల అక్షరాలు అచ్చులో పూడిపోతాయి.

తెలుగు డీటీపీ కేంద్రాల్లో చాలాకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్లు రాజ్యమేలాయి. అవి యూనికోడ్‌లో లేనందున అదే పాఠాన్ని ఈ-బుక్‌కు, వెబ్‌కు వాడాలంటే మార్పిడి చేయాలి, అందులో తప్పులు దొర్లుతాయి. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, మల్లన్న తదితర యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. ఒత్తులు సరిగా కుదురుతున్నాయో లేదో కూర్పు సాఫ్ట్‌వేర్‌లోనే కాక చివరి పీడీఎఫ్‌లోనూ చూసుకోవడం తప్పనిసరి.

ముద్రణ

*సైజు, కాగితం.* తెలుగునాట పిల్లల పుస్తకాలకు క్రౌన్ 1/4, డెమ్మీ 1/4 సైజులు, చిన్నవాటికి డెమ్మీ 1/8 వాడుకలో ఉన్నాయి. లోపలి పుటలకు ఆర్ట్ పేపరు గానీ మ్యాప్‌లిథో గానీ, అట్టకు ఆర్ట్ కార్డు మీద లామినేషన్ వేస్తారు. ఆర్ట్ పేపరు మీద రంగులు మెరుస్తాయి. మ్యాప్‌లిథో మీద కాస్త మెత్తబడతాయి, వెలుతురు పడి కన్ను చెదరదు.

*రంగులు.* తెర మీద బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో కనిపిస్తుంది. అచ్చులో అది సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల కలయికగా మారుతుంది. తెర మీద మెరిసిన ఆకుపచ్చలు, నారింజలు కాగితం మీద మందగించడానికి కారణం ఇదే. బొమ్మలు అచ్చు సైజులో 300 డీపీఐ స్పష్టతతో ఉండాలి. అంచుదాకా వచ్చే బొమ్మకు కత్తిరింపు కోసం చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. జంట పేజీల మధ్య మడతలో పాత్ర ముఖం పడకుండా చూసుకోవాలి.

*ఆఫ్‌సెట్, డిజిటల్.* క్రౌన్ 1/4 సైజులో 32 పేజీల పుస్తకం డబుల్ క్రౌన్ కాగితం మీద వైపుకు 8 పేజీల చొప్పున రెండు ఫారాలవుతుంది. రెండు ఫారాలు, రెండేసి వైపులు, నాలుగేసి రంగులు కలిపి 16 ప్లేట్లు. అట్టకు మరో నాలుగు. మూడు వందల ప్రతులు వేసినా మూడు వేలు వేసినా ప్లేట్ల ఖర్చు, యంత్రం సిద్ధం చేసే ఖర్చు అవే. అందుకే ఆఫ్‌సెట్‌లో ప్రతులు పెరిగే కొద్దీ ఒక్కో ప్రతి ధర పడిపోతుంది. డిజిటల్ ముద్రణలో ప్లేట్లుండవు కాబట్టి పాతిక ప్రతులైనా వేయించుకోవచ్చు. అయితే ఒక్కో ప్రతి ఖర్చు పెద్దగా తగ్గదు. ఆర్డరు వచ్చినప్పుడే ప్రతి అచ్చువేసి పంపే పద్ధతిని బెంగళూరులోని పోతి డాట్ కామ్, చెన్నైలోని నోషన్ ప్రెస్ లాంటి సంస్థలు అందిస్తున్నాయి. నిల్వ భారం ఉండదు గానీ, రంగుల పుస్తకం ధర పెరుగుతుంది.

*బైండింగు.* పల్చటి పుస్తకాలకు మధ్యలో రెండు పిన్నులు కొట్టే సెంటర్ పిన్నింగు చవక, పుస్తకం పూర్తిగా విచ్చుకుంటుంది. దీనికి పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి. మరీ చిన్నపిల్లల పుస్తకాల్లో పిన్ను మొనలు బయటికి రాకుండా చూడాలి. కుట్టు బైండింగు, గట్టి అట్ట మన్నిక పెంచుతాయి, ఖర్చునూ పెంచుతాయి.

చట్టం, నమోదులు

*కాపీరైటు.* 1957 చట్టం ప్రకారం రచన పుట్టిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, నమోదు తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు అమలులో ఉంటుంది. పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడి కథలు, పేదరాశి పెద్దమ్మ కథలు అందరివీ. కానీ వాటిని ఒకరు తిరగరాసిన పాఠం, వేసిన బొమ్మలు ఆ వ్యక్తివి.

*ఐఎస్‌బీఎన్.* 13 అంకెల ఈ సంఖ్యను భారతదేశంలో కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా ప్రచురించే వ్యక్తులూ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడి పుస్తకాల సంఖ్యలు 978-81, 978-93తో మొదలవుతాయి. తెలుగు కూర్పుకు, ఇంగ్లిష్ కూర్పుకు, ఈ-బుక్‌కు వేర్వేరు సంఖ్యలు కావాలి.

*గ్రంథాలయాలకు ప్రతులు.* 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. ఈ బాధ్యత సొంత ప్రచురణకర్తలకూ వర్తిస్తుంది.

*పన్ను.* అచ్చు పుస్తకాల మీద, పిల్లల బొమ్మల, రంగులు నింపే పుస్తకాల మీద జీఎస్టీ లేదు.

పంపిణీ, అమ్మకం

తెలుగులో కవిత్వం, కథ, పరిశోధన చాలావరకు రచయితల సొంత ఖర్చుతోనే అచ్చవుతాయి. ప్రచురణ వివరాల పేజీలో ‘ప్రతులకు’ అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఒకటి రెండు పుస్తకాల దుకాణాల పేర్లు ఉండటం పరిపాటి. పిల్లల బొమ్మల పుస్తకం దగ్గరికి వచ్చేసరికి రంగుల ముద్రణ, చిత్రకారుడి పారితోషికం వల్ల పెట్టుబడి పెరుగుతుంది, పుస్తకం పల్చన కాబట్టి ధర పెంచడానికి వీలుండదు. దుకాణాలు, పంపిణీదారులు ధరలో గణనీయమైన భాగాన్ని కమీషన్‌గా తీసుకుంటారు. ధర నిర్ణయించేముందు ముద్రణ ఖర్చుతో పాటు కమీషన్, తపాలా, ఉచితంగా ఇచ్చే ప్రతులు, పాడైపోయే ప్రతులు లెక్కలో చేర్చాలి.

డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం తెలుగు ప్రచురణకర్తలకు ప్రధాన సంతలు. ఒంటరిగా స్టాలు తీసుకోలేనివారు ఇతర ప్రచురణకర్తల బల్ల మీద పుస్తకాలు పెడతారు. పాఠశాలల్లో కథ చదివి వినిపించే కార్యక్రమాలు, ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థల గ్రంథాలయ కొనుగోళ్లు, ప్రవాస తెలుగు సంఘాలు ఇతర దారులు. ఈ-బుక్కులకు తెలుగులో ‘కినిగె’ వేదికగా పనిచేసింది. స్టోరీవీవర్‌లో పుస్తకం పెడితే ఆదాయం రాదు గానీ, ఇతర భాషల్లోకి అనువాదమయ్యే అవకాశం దొరుకుతుంది.

ముందస్తు విరాళాలతో ప్రచురించడం మరో పద్ధతి. ‘గుడ్ నైట్ స్టోరీస్ ఫర్ రెబెల్ గర్ల్స్’ అనే సచిత్ర కథల పుస్తకానికి 2016లో కిక్‌స్టార్టర్ ద్వారా ఆరు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. స్వీడన్‌లో సొంతంగా ప్రచురితమైన ‘ద ర్యాబిట్ హూ వాంట్స్ టు ఫాల్ అస్లీప్’ 2015లో అమెజాన్ అమ్మకాల పట్టికలో పైకెక్కాక పెంగ్విన్ ర్యాండమ్ హౌస్ దాని హక్కులు తీసుకుంది. ఇవి అరుదైన ఉదాహరణలు.

ప్రాధాన్యం, పరిమితులు

పెద్ద సంస్థలు లాభం లేదని వదిలేసే ఇతివృత్తాలకు సొంత ప్రచురణ దారి ఇస్తుంది. ఒక మాండలికం, ఒక ఊరి పండుగ, ఒక వృత్తి, చిన్న సమూహాల భాషలు అందులో చోటు సంపాదించుకుంటాయి. కోయ, గోండి లాంటి భాషలు మాట్లాడే పిల్లలకు మాతృభాషలో, తెలుగు లిపిలో కథలు అందించడానికి చిన్న స్థాయి ముద్రణే ఆచరణ సాధ్యమైన మార్గం. పుస్తకం సైజు, కాగితం, ఆఖరి వాక్యం మీద అధికారం రచయితకే ఉండటం మరో సౌలభ్యం. పాటర్ పట్టుబట్టింది దాని కోసమే.

పరిమితులూ స్పష్టమైనవే. సంపాదకత్వం లేని పుస్తకాల్లో మాటలు ఎక్కువవడం, కథ చివర నీతివాక్యం అతికించడం, బొమ్మ మాటకు నకలు కావడం తరచుగా వచ్చే విమర్శలు. సమీక్షలు రాసే పత్రికలు తక్కువ. అమ్ముడుపోని ప్రతుల నష్టం పూర్తిగా వ్యక్తి మీదే పడుతుంది. ఈ కారణాల వల్ల ఇప్పుడు చాలామంది మధ్యేమార్గం అనుసరిస్తున్నారు. కొద్ది ప్రతులు డిజిటల్‌గా వేయించి, బడుల్లో, ప్రదర్శనల్లో పిల్లలకు చదివి వినిపిస్తారు. వచ్చిన స్పందనను బట్టి పాఠం, బొమ్మలు సవరించి, రెండో ముద్రణను ఆఫ్‌సెట్‌లో వేస్తారు, లేదా ఆ ప్రతిని చూపించి ప్రచురణ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంటారు.

ఇవి కూడా చూడండి: చందమామ, బాల సాహిత్యం, సోవియట్ తెలుగు అనువాదాలు, ఆఫ్‌సెట్ ముద్రణ, కాపీరైటు చట్టం, తెలుగు యూనికోడ్ ఫాంట్లు.